తీగ మూసి వెళ్ళాలి

"సుత్తి ఇటివ్వు తల్లీ. నువ్వు మేకును కొడుతున్నావో గాలిని కొడుతున్నావో తెలియడం లేదు," అన్నాడు ఉర్బెజ్, సైకిలు దిగుతూ.

కండువా కప్పుకుని వంగి ఉన్న ఆ మనిషి ఎవరో ముందే తెలిసి ఉంటే నోరు మెదిపేవాడు కాదు. ఆమె తలెత్తింది. ఒరోసియా. లుసియాన్ చెల్లెలు. ఉర్బెజ్‌కు ఎక్కివచ్చిన దారినే మళ్ళీ ఫ్రాన్సు వైపు దిగిపోదామనిపించింది.

"సమయానికొచ్చావన్నా," అందామె. "ఆదివారం ఈ కనుమ మీదుగానే ఇంటికి పోతావని తెలుసు. నీ కోసమే చూస్తున్నా."

అన్నా అంది. లుసియాన్ ఇక్కడే పడి పోయి ఏడాదైంది, ఈ ఏడాదిలో ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట ఇది. పైగా వైను తోలుసంచి కూడా చేతికిచ్చింది. ఉర్బెజ్ రెండు గుక్కలు తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఏం బోర్డు ఇది?"

"ఈ దిగుడుకు పేరు పెడుతున్నాం."

వాళ్ళ లోయలో సైకిలు బాటలకు పోయినవాళ్ళ పేర్లే పెడతారు. ఏ దిగుడు ఎవణ్ణి పొట్టన పెట్టుకుంటే దానికి వాడి పేరు. బతికున్నవాడు ఎంత మొనగాడైనా సరే, వాడి పేరు బోర్డెక్కదు. కనుక గోనెపట్టా కప్పిన ఆ చెక్క మీద ఏముందో ఉర్బెజ్ అడగలేదు. మనసు కాస్త కుదుటపడింది కూడా. పేరు పెట్టేశారంటే ఏడుపు ఒక కొలిక్కి వచ్చినట్టే.

"ఇరవై ఏళ్ళుగా తొక్కుతున్నా, నా పేరు మాత్రం ఏ బాటకూ పెట్టరు. దానికి చావాలట," అన్నాడు నవ్వించబోయి.

"తొందరెందుకన్నా," అంది ఒరోసియా. నవ్వింది కూడా. "ఈ గుంజకు కాస్త ఎత్తుగా కొట్టు. కింద మలుపులోకి కూడా కనబడాలి. నీ సైకిలు నేను పట్టుకుంటాలే."

ఉర్బెజ్ మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు మా అన్న గంట నీకు వినబడలేదా?"

సుత్తి ఆగింది. లుసియాన్ సైకిలుకు ఎప్పుడూ ఒక మేక గంట కట్టి ఉండేది. అవతలి కొండ మీద కాపరులకు సైతం వినబడేది.

"గాలి అటు కొట్టింది చెల్లీ. ఎంతమందికని చెప్పను? పశువుల తీగ విప్పి దాటినవాడు దాన్ని మళ్ళీ మూసి వెళ్ళాలి. ఆవులు పక్క ఊరి గడ్డిలో పడితే తలలు పగులుతాయి. మీ తాత చెప్పిందీ అదే, మా తాత చెప్పిందీ అదే."

"వెనక మనిషి వస్తున్నా?"

"వస్తున్నాడని నాకేం తెలుసు?"

రెండో మలుపులో బాటకు అడ్డంగా ఉంటుంది ఆ పశువుల తీగ. ముందు దిగిన ఉర్బెజ్ దాన్ని మూసి వెళ్ళాడు. వెనకే గాలిలా వచ్చిన లుసియాన్ ఛాతీకి తగిలింది. సైకిలు బాట మీద పడింది, మనిషి లోయలో పడ్డాడు. కట్టుబాటు ప్రకారం చేసినవాణ్ణి ఏమంటాం అని పెద్దలు చేతులు దులుపుకున్నారు. ఆ మరుసటి వారమే సైకిలు పందెం. ఏటా గెలిచే లుసియాన్ లేడు కాబట్టి ఉర్బెజ్ గెలిచాడు.

గంట వినబడింది. చాలా స్పష్టంగా వినబడింది. ఆ సంగతి ఉర్బెజ్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

"కట్టుబాటు కట్టుబాటే," అంది ఒరోసియా మెల్లగా. "దాన్ని నేనెన్నడూ తప్పు పట్టలేదు."

ఆఖరి మేకు దిగింది. ఉర్బెజ్ గోనె లాగబోతే ఆమె అడ్డుకుంది.

"ముందు ఒకరు దిగాలి, ఆ తర్వాతే విప్పాలి. పద్ధతి మరిచావా? మా అన్న తర్వాత ఈ లోయలో అంత బాగా తొక్కేది నువ్వే. నువ్వే దిగు."

అప్పుడు చూశాడు, తన సైకిలుకు లుసియాన్ గంట కట్టి ఉంది.

"ఈ ఒక్కసారికి," అందామె. "వాడు సంతోషిస్తాడు."

కాదంటే ఏం బాగుంటుంది? సైకిలెక్కాడు.

"తీగ?"

"ఆవులన్నీ ఊళ్ళోకి దిగిపోయి పదిరోజులైంది కదన్నా."

నిజమే. ఆవులు లేని కొండకు తీగ ఎవరు కడతారు?

"బ్రేకు మీద చెయ్యేసి దిగు. రాళ్ళు జారుతున్నాయి."

"పిచ్చిదానా, ఇక్కడ బ్రేకు నొక్కినవాడే పడతాడు," అని నవ్వి సైకిలు వదిలేశాడు.

గంట గణగణలాడింది. బాట ఒలికిన నీళ్ళలా జారిపోతోంది. ఏడాదిగా మోస్తున్న బరువేదో దిగిపోయినట్టు, ఉర్బెజ్‌కు ఒళ్ళు తేలికైంది. మొదటి మలుపు తిరిగేసరికి బాట మళ్ళీ కనుమ కిందికే వచ్చింది. తలెత్తి చూశాడు. ఒరోసియా గోనె లాగేసి పక్కన నిలబడి ఉంది. అక్షరాలు పెద్దవి, ఎర్రవి.

ఉర్బెజ్ దిగుడు.

చేతులు వాటంతటవే బ్రేకులు నొక్కేశాయి. చక్రాలు బిగుసుకున్నాయి, రాళ్ళు జారాయి, సైకిలు మాత్రం ఆగలేదు. రెండో మలుపు మీదికొస్తోంది.

పైనుంచి ఒరోసియా, పక్కింటివాళ్ళకు కబురు చెబుతున్నట్టు, గొంతెత్తి చెప్పింది.

"పైకొస్తూ తీగ మూసే వచ్చానన్నా. కట్టుబాటు కదా."