ఆఖరి కాపీ

కిటికీ అవతల కూర్చున్న మనిషిని చూడగానే వెండెల్ ప్రుయిట్‌కి కాళ్లు వెనక్కి లాగాయి. డార్లీన్. ఆదివారాలు చర్చిలో తన భార్య లోరెట్టా పక్కన నిలబడి పాడే డార్లీన్. రికార్డుల గుమాస్తా ఎవరైతే ఏమిటిలే అనుకుని వచ్చాడు గానీ, టాలీ కౌంటీలో ఒకరినొకరు ఎరగని మనుషులుండరన్న సంగతి మరిచిపోయాడు. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. చేసేది లేక, తన పాత అరెస్టు రికార్డును చెరిపేయమని జడ్జి సంతకం పెట్టిన ఉత్తర్వును అద్దం కింది నుంచి లోపలికి తోశాడు.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చదివింది. 1998 అక్టోబరు పద్నాలుగు. సాయంత్రం ఆరింటికి అరెస్టు, మర్నాడు ఉదయం ఏడింటికి విడుదల. పరాయి ఇంటి ఆవరణలో చొరబడిన నేరం.

"ఎవరింట్లో చొరబడ్డావు?" అంది గొంతు తగ్గించి.

"హేజెల్ గారి వరండాలో. తాగి ఉన్నా. మా ఇల్లే అనుకుని మెట్ల మీద కూర్చుని తలుపు తియ్యమని పాటలు పాడాను. పొద్దున ఆవిడే వచ్చి కేసేం వద్దంది."

హేజెల్ పోయి పదేళ్లయింది. తనని జీపెక్కించిన పోలీసు కూడా నిరుడు పోయాడు. ఈ సంగతి ఇక తెలిసింది తనకూ, ఈ కాగితానికీ, ఇప్పుడు డార్లీన్‌కీ.

వెండెల్ భయం ఉద్యోగం గురించి కాదు. బడి బస్సు నడిపే పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు గానీ, కొట్టేసిన కేసు దానికి అడ్డురాదని ఉచిత సలహా శిబిరంలో లాయరమ్మ చెప్పనే చెప్పింది. భయమల్లా లోరెట్టా గురించే. పాత అరెస్టులన్నీ ఫొటోలతో సహా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. పేరు కొడితే చాలు, జుట్టు రేగి, కళ్లు ఎర్రబడ్డ ఆనాటి మొహం బయటపడుతుంది. కింద తేదీ ఉంటుంది. ఆ తేదీని లోరెట్టా జన్మలో మరిచిపోదు.

అప్పట్లో వెండెల్ అట్టపెట్టెల మిల్లులో రాత్రి కాపలాదారు. పనికని పెందలాడే బయలుదేరి దారిలో ఒక గ్లాసు అనుకున్నది ఆరు గ్లాసులైంది. ఆ రాత్రే మిల్లు తగలబడి బూడిదైంది. ఉదయం లాకప్పు నుంచి మాసిన బట్టలతో ఇంటికి నడిచి వస్తుంటే, లోరెట్టా చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తుకొచ్చి కావలించుకుని ఏడ్చింది. మంటల్లోంచి వచ్చాడనుకుంది. కాదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. యజమాని బీమా తీసుకుని వేరే ఊరికి వెళ్లిపోయాడు, ఎవరూ ఏమీ అడగలేదు. పాతికేళ్లుగా చర్చి విందుల్లో ఆమె ఆ కథ చెబుతూనే ఉంది, ఏటేటా కాస్త పెంచుతూ. అది విన్నప్పుడల్లా వెండెల్ తల దించుకుని తింటాడు. వినయం అనుకుంటారు అందరూ.

డార్లీన్ ఫైలు తెచ్చింది. వేలిముద్రల కార్డు, ఫొటో, లాకప్పు చిట్టాలో పేజీ. ఒక్కొక్కటీ యంత్రంలో వేస్తే పీలికలై రాలాయి. కంప్యూటర్లో ఉన్నదీ చెరిపేసింది. చివరికి ముద్ర కొట్టిన ఉత్తర్వు కాపీ ఒకే ఒక్కటి అద్దం కింద నుంచి ఇచ్చింది.

"ఇది దాచుకో. ఇక లోకంలో ఉన్నది ఇదొక్కటే."

"నాకెందుకు? లోరెట్టా నా చొక్కా జేబులు కూడా వదలదు."

"దాచుకుంటే మంచిదని లాయర్లు చెబుతారు. తర్వాత నీ ఇష్టం."

వెండెల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "డార్లీన్, నువ్వు..."

"నోరు మెదిపితే నా ఉద్యోగం ఊడుతుంది నాయనా. ఈ క్షణం నుంచి చట్టం దృష్టిలో ఇది జరగనే లేదు. ఎవరొచ్చి అడిగినా, ఆఖరికి నువ్వే వచ్చి అడిగినా, అలాంటి రికార్డేమీ మా దగ్గర లేదంటాను. బైబిలు మీద చెయ్యేసి మరీ."

ఆ మాటతో ఆయన గుండె సగం తేలికపడింది. కాగితం మేజోడులో దోపుకుని ఇంటికి బయలుదేరాడు. పాత మిల్లు స్థలంలో కొత్త దుకాణానికి పునాదులు తవ్వే యంత్రాలు ఎందుకో ఆగి ఉన్నాయి. చుట్టూ పసుపు పట్టీ కట్టి ఉంది. ఆయన కారు ఆపలేదు.

పెరట్లో మాంసం కాల్చే పొయ్యి వెలిగించాడు. వంటింట్లో లోరెట్టా బంగాళాదుంపలు చిదుపుతోంది. ఇటు చూడటం లేదని రూఢి చేసుకుని కాగితాన్ని బొగ్గుల మీద పెట్టాడు. గాలికి ఒక మూల తెగి ఎగిరి గడ్డిలో పడితే ప్రాణం పోయినంత పనైంది. పరుగున వెళ్లి తీసుకొచ్చి మళ్లీ మంటలో వేశాడు. ముద్ర, తేదీ, తన పేరు వరసగా నల్లబడ్డాయి. పట్టకారుతో బూడిదను కలిపేశాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. పాతికేళ్ల బరువు దిగినట్టై, మాంసం ముక్కల మీద ఉప్పు చల్లుతూ ఈల కూడా వేశాడు.

అప్పుడే కారొకటి వచ్చి ఆగింది. ఇద్దరు దిగి పెరట్లోకి వచ్చి పోలీసు బిళ్లలు చూపించారు. పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు.

"ప్రుయిట్ గారూ, భోజనం వేళ వచ్చాం, ఏమనుకోకండి. మిల్లు స్థలంలో తవ్వుతుంటే నిన్న ఒక మనిషి ఎముకలు బయటపడ్డాయి. పుర్రె వెనక బలమైన దెబ్బ ఉంది. చంపాకే మిల్లు తగలబెట్టినట్టున్నారు. ఆ రాత్రి మీరు ఎక్కడున్నారో చెబుతారా?"

వెండెల్ చూపు పొయ్యి మీదికి వెళ్లింది.

చేతులు తుడుచుకుంటూ లోరెట్టా అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది. ఎప్పటిలాగే మొహం గర్వంతో వెలిగిపోతోంది.

"మిల్లులోనే ఉన్నాడండీ, తెల్లవార్లూ ఒక్కడే."