పాపయ్య లారీ కదిలింది

"పన్నెండు లోపల ఈ బండి తన ఇంజనుతో తాను గేటు దాటితే మీది. లేదంటే కబాడీ బండి ఎక్కుతుంది. ఎక్కిందంటే మళ్ళీ దించేది లేదు, పాపయ్యాజీ," అన్నాడు సొసైటీ సెక్రటరీ త్యాగీ.

అప్పటికి పదకొండు దాటి పది నిమిషాలైంది. ఆదివారం కావడంతో ఢిల్లీ పక్కనున్న వైశాలిలోని ఆ అపార్ట్‌మెంట్ల జనమంతా టీ కప్పులు పట్టుకుని బాల్కనీల్లోకి చేరారు. కింద మూతి ముందుకు పొడుచుకొచ్చిన అరవయ్యేళ్ళ నాటి లారీ గేటుకేసి చూస్తూ నిలబడి ఉంది. దాని వెనకాలే పాత ఇనుము కొనే కబాడీవాలా తన పెద్ద బండిని తెచ్చి ఆపాడు. దాని వెనక తలుపు లారీ వైపు దించి, ఇనప పలకలు ఏటవాలుగా నేలకి ఆనించి, గొలుసులు సర్దుకుంటున్నాడు. వాడి తొందర చూస్తుంటే పాపయ్యకు ఒళ్ళు మండింది.

పాపయ్య నేవీలో ముప్పై ఏళ్ళు ఓడ ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. లారీలోని అసలు ఇంజను ఎప్పుడో చచ్చింది. దాని బదులు ఒక పడవ డీజిలింజను కొనితెచ్చి, ముందుగదిలో నడిమధ్య పెట్టుకుని, ఎనిమిది నెలలుగా బోల్టు బోల్టూ ఊడదీసి మళ్ళీ కూర్చాడు. పిస్టన్లు సోఫాలో కూర్చుంటే వచ్చిన చుట్టాలు నేలమీద కూర్చున్నారు. ఇడ్లీ పాత్రలో నూనె పోసి బేరింగులు మరిగించిన నాడు భార్య అనసూయ రెండు రోజులు మాట్లాడడం మానేసింది. ఆ రెండు రోజులూ పని బ్రహ్మాండంగా సాగిందని అతనే అందరికీ చెప్పుకున్నాడు. నిన్న సాయంత్రం ఇంజన్ని లారీలోకి దించాడు. ఇంతవరకూ ఒక్కసారైనా స్టార్టు చెయ్యలేదు.

ఇవాళ ఇది కదిలిందా, గేటు బయట ఖాళీ స్థలంలో పెట్టుకోవచ్చు. కదల్లేదా, లారీ తుక్కు కిందికి పోతుంది. ఆ తర్వాత పార్కు బల్ల మీద చేరిన ముసలాళ్ళతో చెప్పుకోడానికి తనకు మిగిలేది షుగరు జబ్బు ఒక్కటే. అది వాళ్ళందరికీ ఉంది.

అనసూయ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. "ఏటండీ, పొద్దుటినుంచీ కిందా మీదా పడతన్నారు. అవుతాదా, అవదా?"

"అవుతాది. ఓడలు నడిపించినోణ్ణి, లారీ ఓ లెక్కా?"

"ఓడలో మీతోపాటు నలభైమంది ఉండేవారు," అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

పాపయ్య తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. డీజిలు గొట్టంలో గాలి చేరిందని కనిపెట్టి, కిందికి దూరి బోల్టు వదులు చేసి, బుడగలన్నీ పోయేదాకా చేతి పంపు కొట్టాడు. బయటికొచ్చేసరికి చొక్కా రంగేమిటో తనకే తెలియలేదు. త్యాగీ వాచీ చూసుకున్నాడు. పదకొండూ యాభై. పాపయ్య సింహాద్రి అప్పన్నకు ఒక కొబ్బరికాయ మొక్కుకున్నాడు. తన పనితనం తనకు తెలుసు కనుక, ఎందుకైనా మంచిదని దాన్ని ఐదు చేశాడు.

ఈసారి తాళం తిప్పితే లారీ ఒళ్ళంతా ఒకసారి వణికింది. నల్లటి పొగ గుప్పున లేచింది. దాని వెనకే ఇంజను అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు, తాళం తప్పడం లేదు. పాపయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎనిమిది నెలల్లో మొదటిసారి తను మరీ అంత చేతకానివాడు కాదేమో అనిపించింది.

బాల్కనీల్లో చప్పట్లు మోగాయి. వాచ్‌మన్ పరుగున వెళ్ళి గేటు బార్లా తెరిచాడు. నిన్నటిదాకా ఇంజన్ని శనిగ్రహం అని తిట్టిన అనసూయ, ఆ పని చేసింది మా ఆయనే అని పక్కింటావిడకు హిందీలో చెబుతోంది. త్యాగీ కూడా మెత్తబడి, ఠీక్ హై, తీసుకెళ్ళండి అన్నాడు. పాపయ్య ముఖ్య అతిథిలా పై అంతస్తులకు చెయ్యి ఊపాడు. ఖాళీ బండితో తిరిగి వెళ్ళాల్సి వస్తోందని కబాడీవాలా మీద కాస్త జాలి కూడా పడ్డాడు.

మొదటి గేరు వేసి, చూపు గేటు మీద నిలిపి, క్లచ్ వదిలాడు. లారీ ఒక్క ఊపున కదిలింది. కానీ దగ్గరికి రావాల్సిన గేటు దూరంగా పోతోంది. కంగారులో గేరు తప్పు పడిందనుకుని రెండోది వేసి యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. గేటు ఇంకా వేగంగా దూరమైంది.

అప్పుడు వెలిగింది. రెండింజన్ల పడవలో కుడి ఇంజను ఒకవైపు తిరిగితే, ఎడమది దానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. దాన్ని లారీకి బిగిస్తే ముందుకు వెళ్ళే గేర్లన్నీ వెనక్కి లాగుతాయి. ఈ సంగతి నేవీలో ఎన్నో బ్యాచ్‌ల కుర్రాళ్ళకు బల్ల గుద్ది చెప్పిన మాస్టారు తనే. తను కొనితెచ్చుకున్నది ఎడమది.

బ్రేకు గుర్తొచ్చి తొక్కేసరికి లారీ ఇనప పలకల మీదుగా పైకెక్కేసి, నాలుగు చక్రాలూ కుదురుగా ఆనించి, ఆగిపోయింది.

కబాడీవాలా చేతిలో గొలుసు కింద పడేసి, పాపయ్యకు దండం పెట్టాడు. "సాబ్, ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా. తనంతట తాను నడిచొచ్చి ఎక్కిన లారీని ఇదే మొదటిసారి చూడడం."