ఆవుకి పడిన మందు

తన ఆవు చూడి కట్టిందని తెలిసిన మర్నాడే ఆమె పశువుల ఆసుపత్రికి వచ్చింది. డాక్టరమ్మ గదిలో ఇంకెవరూ లేనప్పుడు చూసి, తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"ఆ మందు నాక్కూడా ఎక్కించండి డాక్టరమ్మా."

డాక్టరమ్మ మొదట నవ్వబోయింది. ఆమె మొహం చూసి ఆగిపోయింది.

"అది పశువులకమ్మా. ఆరోగ్యంగా ఉన్న ఆవుల గర్భసంచి పొరలోంచి మూలకణాలు తీసి, పెంచి, కట్టని ఆవులకి ఎక్కించి చూశాం. అదీ ప్రయోగంగానే."

"మనుషుల డాక్టర్లందరూ అయిపోయారమ్మా. నాకూ ఆ పొరే పాడైందట, ఆశ వదులుకోమన్నారు. మా ఆవుకీ అదేగా జబ్బు? దాన్ని బాగుచేసిన చేతులు మీవి. ఈసారీ కట్టకపోతే కబేళాకి తోలేద్దామన్న మా ఆయన నిన్న దాని మెడ నిమిరాడు. నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో."

పోల్చి చూడ్డానికి ప్రయోగంలో సగం ఆవులకి కణాలు, సగం ఆవులకి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారు. దేనికి ఏది పడిందో ప్రయోగం ముగిసేదాకా డాక్టరమ్మకి కూడా చెప్పలేదు. నిన్న సాయంత్రమే చెప్పారు.

అబద్ధమాడి పంపెయ్యాలనిపించింది. చేతకాలేదు.

"మీ ఆవుకి పడింది మందు కాదమ్మా, ఉప్పునీళ్లు. అది ఎలా కట్టిందో నాకే తెలీదు."

ఆమె తల వంచుకుంది. లేచి వెళ్లిపోతుందేమో అనుకుంది డాక్టరమ్మ.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అయితే ఆ నీళ్లే ఎక్కించండమ్మా."