పోయొస్తా

ఎర్రమోటు కొండలో పాత వెండి గనులు మళ్ళీ తెరిచాక ఊళ్ళో ఇంటికో సొరంగం, ఇంటికో పలుకుపెట్టె వచ్చాయి. లోపలికి దిగినవాళ్ళ మాట ఆ పెట్టెలోంచి వంటింట్లోకి వినిపిస్తుంది. మరీ లోతుకు పోయి మాట అందకపోతే, ఇంట్లోవాళ్ళు బెంగపడకుండా ఆ పెట్టె తనే వాళ్ళ గొంతుతో బదులు చెబుతుంది. పలికింది మనిషో పెట్టో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ పొద్దున కూరలో ఉప్పు దగ్గర సైదమ్మకూ కోడలు శ్రావణికీ మాటామాటా పెరిగింది. గడప దాటేటప్పుడు అందరూ అనే "పోయొస్తా" అనకుండానే శ్రావణి విసురుగా గనికి వెళ్ళిపోయింది. వెనకటికి సైదమ్మ మొగుడూ ఒకనాడు ఆ మాట అనకుండానే వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

సాయంత్రం చింతపండు పిసుకుతుంటే కాళ్ళ కింద నేల అదిరింది. సైదమ్మ పలుకుపెట్టె దగ్గరికి ఉరికింది.

"శ్రావణీ! ఏందే ఆ అదురు?"

"ఏం లేదత్తా. పక్క సొరంగంలో రాయి జారింది. పిల్లి తుమ్మినా హడలిపోతావు నువ్వు!"

అదే గొంతు, అదే ఎకసెక్కం. సైదమ్మ ప్రాణం కుదుటపడింది.

"పొద్దుటి కోపం ఇంకా పోలేదా ఏందే?"

"నీ మీద కోపమేందత్తా! పోయొస్తానని చెప్పేగా వచ్చా."

సైదమ్మ చేతిలో గిన్నె జారిపోయింది. పులుసు చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది.

"రండర్రా! సొరంగం కూలింది, రండి!"

ఏ తలుపూ తెరుచుకోలేదు. ప్రతి వంటింట్లోంచీ ఒక్కో గొంతు నెమ్మదిగా చెబుతూనే ఉంది: "ఏం లేదు, వచ్చేస్తున్నా."