చదరంగం టేపు

భవనం అడుగున ఖాళీగా పడి ఉన్న బొగ్గు గది మీద రాదిసావ్‌కు చాలాకాలంగా కన్ను. బజారులో బ్యాటరీలు, క్యాసెట్లు, తీగలు అమ్మే మనిషికి సరుకు దాచుకునే చోటు కావాలి. ఇప్పటికి సగం సరుకు మంచం కిందే ఉంది. ఆ గది ఎవరికివ్వాలో గురువారం భవన సంఘం తేలుస్తుంది. ఉన్నవి నాలుగు ఇళ్లు. తన ఓటు పోను మిగతా మూడూ రాబట్టాలి.

ఓటు ఊరికే రాదని రాదిసావ్‌కు తెలుసు. అలాగని పొరుగువాళ్ల చేతిలో నోట్లు పెడితే బాగుండదు. దారి రేడియోనే చూపించింది.

ఎనభై నాలుగులో బెల్‌గ్రేడ్ అంతటా కంప్యూటర్ల పిచ్చి. సరిహద్దు దాటించి తెచ్చుకున్నవాళ్లు కొందరు, పత్రికలో బొమ్మ చూసి విడిభాగాలు కొని వంటింటి బల్ల మీద సొంతంగా అతికించుకున్నవాళ్లు కొందరు. ఆదివారం రేడియోలో "ఇక టేపు పెట్టండి" అనేవారు. ఆ తర్వాత కాసేపు చెవులు చిల్లులు పడే కీచుమోత. దాన్ని క్యాసెట్టులోకి పట్టి కంప్యూటరుకు వినిపిస్తే, తెర మీద ఏదో ఒక ఆట లేచి కూర్చునేది. ఆ వారం వంతు చదరంగానిది. మిగతా మూడిళ్లవాళ్లకూ కంప్యూటర్లున్నాయి, చదరంగమంటే ప్రాణం. కానీ ఎండలకు భయపడి ఆ ఆదివారం ముగ్గురూ ఊళ్లో లేరు.

రాదిసావ్ ఆ పని తన మీద వేసుకున్నాడు. రేడియోకూ రికార్డరుకూ మధ్య తీగ తగిలించాలంటారు. అలాంటివి అతని దగ్గర బోలెడున్నాయి. కానీ అమ్ముడుపోయే పొట్లాన్ని సొంతానికి విప్పడం అతని ఒంటికి పడదు. రికార్డరును రేడియో ముందు పెట్టి మీట నొక్కాడు. కీచుమోత ఆగేలోపు భార్య డెసాంకతో కలిసి భోజనం కూడా కానిచ్చాడు. మర్నాడు కొట్లో, గిరాకీ బెదిరిపోకుండా శబ్దం పూర్తిగా తగ్గించి, దానికి మూడు నకళ్లు తీశాడు. ఇంటికొకటి చొప్పున పంచాడు.

బుధవారం డెసాంక మెట్లెక్కుతూనే అంది. "నీ టేపు ఎవరింట్లోనూ పనిచేయలేదట."

రాదిసావ్‌కు తల కొట్టేసినట్టయింది. పాడు సరుకు అంటగట్టాడన్న పేరు అతనికి ఇంతవరకూ లేదు. టేపులు వెనక్కి తెచ్చేసుకుందామని బయలుదేరాడు.

ముందు పై అంతస్తు ఇంజనీరు టిహోమిర్. సంఘానికి పెద్ద. ఎవరినైనా గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపే మనిషి, ఇవాళ చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్లాడు. రాకియా, అదే పళ్ల సారా, గ్లాసు అంచుదాకా పోశాడు. కాఫీ పక్కన చక్కెర డబ్బా మొత్తం పెట్టాడు.

"సిగ్గుగా ఉందండీ," అన్నాడు రాదిసావ్. "ఆ టేపు ఇలా ఇచ్చేయండి."

"అది నా దగ్గరే ఉండనీ. చక్కెర వేసుకో. ఇంకో ముక్క వేసుకో. ఇక్కడ లెక్కపెట్టేవాళ్లెవరూ లేరు."

తర్వాత రిటైరైన టీచరు జాగోర్కా. ఆమె ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

"రా నాయనా. గట్టిగా గాలి పీల్చు. ఏమైనా వాసన వస్తోందా?"

"సబ్బు వాసన, టీచరుగారూ."

"పిల్లికి స్నానం చేయించాను. చూడు, ఎలా రక్కిందో." గీతలు పడిన చెయ్యి చూపించింది. టేపు మాటెత్తితే మాత్రం తల అడ్డంగా ఊపింది. "అది నేనివ్వను. ఈ వయసులో నేర్చుకునేది ఇంకేం ఉంటుందిలే అనుకున్నాను."

ట్రాము నడిపే మియోద్రాగ్ మెట్ల మీదే ఎదురయ్యాడు. చేతిలో సీసా.

"సోడా నీళ్లన్నా. మూత తీసి వాసన చూడు."

"నేనెందుకు చూడాలిరా?"

"చూస్తే నాకు తృప్తి. వదిన బాగుందా? పాపం, ఆవిడ ఓపికకు దండం పెట్టాలి." టేపు ఇవ్వకుండానే మెట్లు దిగిపోయాడు.

రాదిసావ్ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మనసులో లెక్క వేశాడు. తానిచ్చింది పనికిరాని మూడు టేపులు. తనకు దక్కింది ఇంత మర్యాద. తూకం ఎటునుంచి చూసినా కుదరడం లేదు.

"మనుషులంటే వీళ్లే డెసా. పాడు సరుకిచ్చానని ఒక్కరూ పల్లెత్తు మాటనలేదు. నేనేమో వీళ్ల ఓట్లకు బేరం పెట్టాను."

"బొగ్గు గది వద్దంటావా ఇప్పుడు?" అంది డెసాంక.

"వద్దనను. కానీ నిజం చెప్పి తీసుకుంటాను."

గురువారం అందరూ టిహోమిర్ ఇంట్లో చేరారు. రాదిసావ్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ లేచాడు.

"ఓటుకు ముందు ఒక్క మాట. ఆ టేపులు ప్రేమతో ఇవ్వలేదు. గది కోసం ఇచ్చాను. మీరేమో నన్ను కడుపులో పెట్టుకున్నారు. తలెత్తలేకపోతున్నాను."

టీచరు అల్లిక ఆపింది. మియోద్రాగ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

టిహోమిర్ ఆ టేపు పెట్టి ఉన్న తన రికార్డరును బల్ల మధ్యకు జరిపాడు. "ఇది అందరం కలిసి ఒకసారి విందాం. తర్వాత ఓటు."

"అందులో వినడానికేముందండీ, ఉత్త కీచుమోత."

"మేమూ అలాగే అనుకున్నాం. ఎక్కడ చెడిందో చూద్దామని ఎవరి ఇంట్లో వాళ్లం చెవి ఆనించి విన్నాం."

మీట నొక్కాడు. కీచుమోత గదంతా నిండింది. దాని వెనకాల ఎక్కడో గిన్నెకు గరిటె తగిలిన చప్పుడు. డెసాంక ముఖం పాలిపోయింది.

ఆ చప్పుడు వెంటే, నోటినిండా ముద్దతో, రాదిసావ్ గొంతు పలికింది: "పై అంతస్తు పిసినారికొకటి, పిల్లికంపు ముసలమ్మకొకటి, ఆ తాగుబోతుకొకటి పడేద్దాం డెసా, ఊరికే వస్తుందంటే ఓటేం ఖర్మ, ఒళ్లు కూడా రాసిచ్చే రకాలు."