గౌస్ బాషా నడిపిన పడవ

తల మీద చల్లని జిగురు రాసి తీగలు అంటిస్తుంటే గౌస్ బాషా ఊపిరి బిగబట్టాడు.

“షాకేం కొట్టదు బాషా గారూ,” అంది డాక్టర్ తేజశ్రీ. “మనసు కుదురుగా ఉంటే మెదడు తరంగాలు ఒక తీరుగా ఉంటాయి. అప్పుడు తెర మీద పడవ సాగుతుంది. కంగారుపడితే ఆగుతుంది. అలా చూస్తూ మెదడు నెమ్మదించడం నేర్చుకుంటుందా అన్నదే మా పరిశోధన.”

ఇందులో రెండు పద్ధతులున్నాయని, ఎవరికి ఏది వచ్చిందో అంతా పూర్తయ్యాకే తనకూ తెలుస్తుందని కూడా చెప్పింది. భయంలో బాషా సగమే విన్నాడు.

నల్లపాడు దగ్గర మలుపులో మిర్చి లోడుతో లారీ బోల్తాపడ్డప్పటి నుంచి అతను స్టీరింగ్ ముట్టుకోలేదు. ఒంటికి దెబ్బ తగల్లేదు కానీ, క్యాబిన్ ఎక్కితే చాలు చేతులు వణికేవి. జిల్లా అంతా పేరున్న డ్రైవరు ప్రత్తిపాడులో భార్య అమీర్‌బీ కుట్టుమిషన్ పక్కన గుండీలు కుడుతూ కూర్చున్నాడు.

మొదట్లో పడవ కదిలీ కదలనట్టుండేది. ఊపిరి నిదానంగా వదలడం, భుజాలు సడలించడం తనంతట తనే పట్టుకున్నాడు. అంతా నెమ్మదిగానే ఉందనుకున్నప్పుడూ ఒక్కోసారి పడవ ఆగేది. లోపలెక్కడో భయం మిగిలుందనుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇంటి దగ్గర, ఆగి ఉన్న లారీలో కూర్చుని కూడా అదే సాధన. వారాలు గడిచేకొద్దీ పడవ ఆగకుండా సాగింది. తన మెదడుతో పడవ నడుపుతున్నానని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు.

ఒక ఉదయం అమీర్‌బీని పక్కన కూర్చోబెట్టుకుని మిర్చి లోడుతో గుంటూరు యార్డుకు బయల్దేరాడు. మలుపు దగ్గర గుండె దడదడలాడింది. పడవను తలుచుకుని ఊపిరి నిదానంగా వదిలాడు. స్టీరింగ్ నిలకడగా తిరిగింది.

“దాటేశాం, చూశారా?” అంది అమీర్‌బీ కళ్లు తుడుచుకుంటూ.

పరిశోధన ముగిశాక ఇద్దరూ మిఠాయి పట్టుకుని తేజశ్రీ దగ్గరికి వెళ్లారు.

“అంతా మీ మిషను చలవ మేడం,” అన్నాడు బాషా.

ఎవరికి ఏ పద్ధతి వచ్చిందో అప్పుడే అందిన వివరాలు కంప్యూటర్‌లో చూస్తున్న తేజశ్రీ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె గొంతులో గౌరవం పలికింది.

“మిషనుది కాదు బాషా గారూ, ఘనతంతా మీదే. మీరు చూసిన పడవ ముందే తయారుచేసిన వీడియో. మీ తల మీది తీగల్ని ఆ తెరకు కలపనే లేదు.”