పువ్వుకు వదిలిన చోటు

"గీసుడు అయిందా, అమ్మా?"

మళ్లీ వచ్చాడు. చెట్టు బొమ్మ గీస్తున్న నాగేశ్వరి తల కూడా ఎత్తలేదు.

"ఇంకా కాలేదు."

"మంచిది."

భుజం మీది గోనెసంచి సర్దుకుని ఆ పెద్దాయన గుట్ట దిగిపోయాడు.

రోజూ ఇదే తంతు. వేషాల కోసం స్టూడియోల చుట్టూ తిరిగే మనిషై ఉంటాడు, తన బొమ్మ గీయించుకోవాలని ఆశ కాబోలు అనుకుందామె. గీసే ఓపిక ఎవరికుంది?

ఎడిటరైన భర్త వెంట, ఫిలిం డబ్బాలతో పాటు మద్రాసు నుంచి జూబ్లీ హిల్స్‌లో దిగిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నింటికీ నీరసమే. ఆయన రాత్రంతా పని చేసి పగలంతా నిద్రపోతాడు. పలకరించే దిక్కు లేదు. చుట్టూ ఉన్న చెట్లు కూడా కొత్త మొహాలే.

అందుకే డ్రాయింగు పుస్తకం కొనుక్కుంది. చెట్టుకో పేజీ. ఆకు, బెరడు, పువ్వు గీసుకుని, లైబ్రరీ పుస్తకంలో పోల్చి పేరు తేల్చుకోవాలి. ఎవరినీ అడగకూడదని పంతం. పేరు తెలిసిన చెట్టు కింద నిలబడినప్పుడే ఆమెకు ఇది తన ఊరని కాస్త అనిపిస్తుంది.

ఇంటి వెనక బండల మధ్యనున్న ఈ చెట్టు మాత్రం లొంగలేదు. ఆకు గీసింది, బెరడు గీసింది. పువ్వు పూస్తే గానీ పేరు తేలదు. పేజీలో దానికి చోటు వదిలి ఎదురుచూస్తోంది. ఇప్పుడిప్పుడే మొగ్గ తొడుగుతోంది.

మర్నాడు ఆమెకు తలనొప్పి. పైగా పొద్దున్నే ఆయనతో మాటామాటా అయింది.

"గీసుడు అయిందా, అమ్మా?"

"అయిపోయింది. నువ్వింక ఇటు రానక్కర్లేదు."

అతను చెట్టు వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"పక్కానా, అమ్మా?"

"చెప్పాను కదయ్యా."

"మంచిది."

పీడ వదిలిందనుకుంది నాగేశ్వరి.

తెల్లవారి వెళితే చెట్టుకు ఒక్క కొమ్మ లేదు. మోడు మిగిలింది. బండ మీద మొగ్గలు రాలి ఉన్నాయి. ఆమె వంగి వాటిని ఏరసాగింది.

పక్క బంగళా వాచ్‌మన్ రాములు దగ్గరికొచ్చాడు.

"షూటింగోళ్లు కొట్టుకపోయిన్రమ్మా. సినిమా సెట్టుల కట్టెకు పచ్చికొమ్మలు కట్టి చెట్టు చేస్తరు గద. నిన్ననే లారీల ఏసుకపోయిన్రు."

"ఎవరు కొట్టారు?"

"జంగయ్య. సెట్టుకు కొమ్మలు తెచ్చుడే ఆయన పని. సంచిల కత్తి పెట్టుకొని రోజూ మీ దగ్గరికి వచ్చేటోడు గద, గాయనే."

నాగేశ్వరి మొగ్గలు ఏరడం ఆపింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు కొట్టలేదు?"

"ఈ చెట్టే కావాలని సెట్టు మేస్త్రి ఎన్నడో చెప్పిండు. అమ్మ గీస్తున్నది, గీసుడు అయ్యేదాక దీని మీద కత్తి పెట్టనని, తిట్లు తినుకుంట రోజూ షేక్‌పేట దాకా పోయి వేరే కొమ్మలు మోసుకొచ్చిండమ్మా."